నూకాలు అమ్మని ఆకులు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు. ఓడలకు తెరచాప తప్ప మరో దిక్కు లేని రోజుల్లో, ముత్యాలరేవు అని ఒక ఊరుండేది.

ఇప్పుడు వెళ్లి వెతకకండి, ఇసుక మేట వేసేసింది. ఆ రోజుల్లో మాత్రం ఆ ఒడ్డున నిలబడితే గుగ్గిలం కాగుతున్న వాసన, తడిసిన కొబ్బరితాళ్ల వాసన, ఎండుచేపల వాసన కలిసి ఒక్కసారే వచ్చేవి. దూరదేశాలకు వెళ్లే ఓడ ఖర్చు ఒక్కడు మోయలేడు. అందుకని యజమాని ఓడను నూరు వాటాలు చేసి, వాటాకొక తాటాకు మీద ముద్ర వేసి అమ్మేవాడు. దాన్ని ఓడాకు అనేవారు. ఓడ తిరిగొస్తే ఒక్కో ఆకుకు సరుకులో నూరోవంతు. రాకపోతే ఆకు పొయ్యిలోకి.

ఓడ సముద్రం మీద ఉండగానే ఆకులు చేతులు మారేవి. రోజూ పొద్దున జెండాకొయ్య దగ్గర ధర కేక వేసేవారు. కొనేవాడి మొహం అమ్మేవాడికి కనిపించేది. పాతకాలం వాళ్లయితే ఆకు కొనే ముందు ఓడ దాకా నడిచివెళ్లి, పలకల మీద తట్టి చూసి మరీ కొనేవాళ్లు. ఎంత మంచి అలవాటు. ఈ కథ నాటికే అది పోతూ వచ్చింది. ఓడను చూసేవాళ్లు తగ్గి, జెండాకొయ్యను చూసేవాళ్లు పెరిగారు.

ఆ ఊళ్లో నూకాలు అనే ముసలామె ఉండేది. ఓడ పలకల సందుల్లో కొబ్బరిపీచు కూరి, చేపనూనెలో కాచిన గుగ్గిలం పూయడం ఆమె పని. ముప్పై ఏళ్లు చేసింది. వేళ్లు వంకర్లు పోయాయి. ఇక చేయలేనని తెలిశాక, కూడబెట్టినదంతా పోసి గంగుశెట్టి ఓడ ‘హంసరెక్క’లో నాలుగు ఆకులు కొంది. ఆకు పది వరహాలు. మిగిలిన బతుకంతా ఆమె తినాల్సిన అన్నం ఆ నాలుగు ఆకుల్లోనే ఉంది.

“ఈ ఓడే ఎందుకప్పా?” అని పక్కింటి పైడమ్మ అడిగింది.

“దీని సందులన్నీ నా చేత్తో కూరాను. ఒడ్డుకు లాగి పెట్టిన నలభై రోజులూ దీని కడుపు కిందే పడుకున్నాను. ఇంకో ఓడ గురించి నాకేం తెలుసు?”

పైడమ్మ కూడా ఒక ఆకు కొంది. ఓడను చూసి కాదు, నూకాలు కొందని.

ఆరు నెలలకు రావలసిన ఓడ ఏడో నెలకీ రాలేదు.

మొదట గాలివాన వచ్చింది. మూడు రోజులు సముద్రం నల్లబడింది. నాలుగో రోజు ఒడ్డుకు ఒక విరిగిన పలక కొట్టుకొచ్చింది. అంతే, పది వరహాల ఆకు అయిదుకు పడింది. జనం ఒకళ్ల మీద ఒకళ్లు పడి అమ్మేశారు. నూకాలు పలక సందులో పీచు తీసి వాసన చూసింది.

“ఇది వేపనూనె. మన రేవులో వేపనూనె వాడం. ఇదెవరో పరాయి ఓడది,” అంది.

“వాసన చూస్తే ధర పెరుగుతుందా, ముసలమ్మా?” అన్నాడు ఒకడు. అందరూ నవ్వారు.

ఎనిమిదో నెలలో దొంగలు ఓడను దోచి తగలబెట్టారని పుకారు పుట్టింది. ఆ పొద్దున గంగుశెట్టే జెండాకొయ్య దగ్గరికొచ్చి, గుండెలు బాదుకుని, తన ఆకులు రెండు అమ్మేశాడు. యజమానే అమ్ముకుంటే ఇంకేముంది? ధర రెండు వరహాలకు జారింది. పైడమ్మ పరిగెత్తుకెళ్లి తన ఆకు అమ్మింది.

“అప్పా, నీవీ ఇలా ఇయ్యి, అమ్మేసి వస్తాను. శెట్టిగారు ఎలా ఏడుస్తున్నారో చూడు.”

“చూస్తూనే ఉన్నాను. ఇంత ఏడ్చినవాడు ఒక్కసారైనా ముక్కు చీదలేదేం?”

ఆ వారమంతా ఎవరో ముగ్గురు కొత్త మనుషులు తిరుగుతూ, రెండేసి వరహాలకు ఆకులన్నీ ఏరుకుపోయారు. ఎవరి తరఫునని ఎవరూ అడగలేదు.

తొమ్మిదో నెలకి నూకాలు కుండలో బియ్యం అయిపోయాయి. రెండు రోజులు గంజినీళ్లతో గడిపింది. మూడో రోజు గంగుశెట్టి స్వయంగా ఆమె గుడిసెకొచ్చాడు.

“నూకాలూ, నీ ఆకులకు మూడేసి వరహాలిస్తాను. బజారులో రెండే.”

నూకాలు లెక్క వేసుకుంది. పన్నెండు వరహాలంటే ఏడాది తిండి. ఆకుల కట్ట చూరులోంచి తీసింది కూడా. తీసి, ఆగింది.

“బాబూ, ఓడ తగలబడిందని ఏడ్చింది నువ్వే కదా. బూడిదకి మూడు వరహాలెందుకు?”

“నీ మీద జాలి కొద్దీ.”

“జాలయితే కుంచెడు బియ్యం పోసి వెళ్లు. ఆకులు అడగకు.”

శెట్టి బియ్యం పోయలేదు. నూకాలు కట్టను మళ్లీ చూరులో దోపింది. తర్వాత సిగ్గు విడిచి పైడమ్మ గడపలో కూర్చుంది. “ఓడొచ్చే దాకా ఒక ముద్ద పెట్టవే. ఒక ఆకు నీది.”

“నీ ఆకు నాకెందుకప్పా, పొయ్యి రాజేసుకోడానికా? లోపలికి రా,” అంటూ పైడమ్మ కంచం పెట్టింది.

ఇరవై రోజులకు ‘హంసరెక్క’ వచ్చింది. నిండుగా వచ్చింది, లవంగాలు, కర్పూరం, చందనం. ఊరంతా నోరు తెరుచుకుని చూస్తుంటే ఓడ నడిపే సరంగు లచ్చన్న దిగి, “అంత కంగారెందుకు? దక్షిణాన గాలి కోసం ఆగామని మనిషిని కాలినడకన పంపాం కదా. శెట్టిగారూ, అతను తిరిగొచ్చి, గాలివాన నాటికే మిమ్మల్ని కలిశానన్నాడే?” అన్నాడు.

రేవంతా గంగుశెట్టి వైపు తిరిగింది. ఆకులు ఏరుకుపోయిన ఆ ముగ్గురూ అతని మనుషులేనని అప్పుడు బయటపడింది.

రేవు పెద్దలు అక్కడే ఇసుకలో కూర్చుని తీర్పు చెప్పారు. కబురు దాచి కొన్న కొనుగోలు చెల్లదు. ఆ ముగ్గురు మనుషుల దగ్గరున్న ఆకులన్నీ కొన్న ధరకే ఎవరివి వాళ్లకు ఇచ్చేయాలి. శెట్టి ఇచ్చాడు. మరుసటేడు కొత్త ఓడ కట్టి ఆకులు అమ్మకానికి పెడితే, ఒక్క చేయీ చాచలేదు. ఆ ఓడ ఒడ్డునే చెదలు పట్టింది.

పైడమ్మ ఆకు పైడమ్మకు వచ్చింది. నూకాలు ఒక ఆకు తీసి ఆమె ఒళ్లో పెట్టింది. వద్దన్నా వినలేదు. మూడు ఆకుల సొమ్ముతో బతికినన్నాళ్లూ తిన్నది, ఇంకెవరి గడపా ఎక్కలేదు.

ఆ రేవు లేదు. పలకల మీద తట్టి చూసిన ఆ మనుషులూ లేరు. ఇప్పటి సంతల్లో ఓడలు కనిపించవు, కేకలు మాత్రం మిగిలాయి. అందుకే పిల్లలూ, పెద్దలూ, మీ ఇద్దరికీ ఒకటే మాట: ఏది కొన్నా తెలుసుకుని కొనాలి, తెలిసి కొన్నాక, ఊరి భయాన్ని మన భయం చేసుకోకూడదు.