తల వంచిన కాపలా

సుబేదార్ మస్తానయ్య కవాతు నేర్పేటప్పుడు మనసు ఊసు ఎత్తేవాడు కాదు. పాదాలు, మోకాళ్ళు, భుజాలు, గడ్డం. ఆయన మాటలన్నీ ఒంటి చుట్టూనే తిరిగేవి. యుద్ధంలో పోయిన సిపాయిల సమాధుల దగ్గర లాంఛనంగా కాపలా నిలబడే జవాన్లను తయారుచేయడం తన సైనిక పల్టన్‌లో ఆయన పని. తుపాకీని తలకిందులు చేసి, గొట్టం కొసను బూటు మీద ఆనించి, పైకొచ్చిన చెక్క పిడి మీద రెండు చేతులూ ఉంచి, తల వంచి నిలబడాలి. ముఖం మీద ఈగ వాలినా, వాన పడినా, ఎంత పెద్ద అధికారి ఎదుటికొచ్చినా ఆ తల లేవకూడదు. ఆయన చేతి కింద తయారైనవాణ్ణి దూరం నుంచి చూస్తే మనిషో శిలో పోల్చుకోవడం కష్టం.

నాయక్ తాతాజీ గోదావరి జిల్లావాడు. మర్నాడు వీరుల సంస్మరణ దినం. ఆ కాపలాకు మొదటిసారి తానే ముందుండి నడిపించాలి. సాయంత్రం అభ్యాసం అయ్యాక, మైదానం గట్టు మీద గురువుగారి పక్కన టీ గ్లాసుతో కూర్చుని, చాలా రోజులుగా మనసులో ఉన్న మాట అడిగాడు.

"ఉస్తాద్ గారూ, ఒళ్ళు ఎలా పెట్టాలో చెప్పారు. అక్కడ నిలబడినంతసేపూ మనసు ఎక్కడ పెట్టుకోవాలండీ?"

"నా దగ్గర గవరయ్య అని ఒకడు నేర్చుకున్నాడు. వాడి సంగతి చెబుతాను విను" అన్నాడు మస్తానయ్య. ఆయన చెప్పింది ఇది.

గవరయ్యది శ్రీకాకుళం వైపు పల్లె. వాడి స్నేహితుడు దేవసహాయానిది చీరాల పక్కన నేతగాళ్ళ పేట. ఇద్దరూ ఒకే రోజున పల్టన్‌లో చేరారు. చుట్టూ హిందీ, అరవం మాట్లాడేవాళ్ళు. వీళ్ళిద్దరూ ఒకరి యాసను ఒకరు వెక్కిరించుకుంటూ, ఆ వెక్కిరింతలోనే సొంత ఊళ్ళో ఉన్నట్టు బతికేవాళ్ళు. సరిహద్దులో యుద్ధం వచ్చినప్పుడు ఇద్దరినీ మంచు కొండల మీదికి పంపారు. సముద్రం ఒడ్డున పుట్టినవాళ్ళు. గడ్డ మంచు కురవడం చూడటం అదే మొదలు.

దేవసహాయానికి డొక్కలో గుండు తగిలింది. దారి మంచుతో మూసుకుపోవడంతో కిందికి దించే వీలు లేకపోయింది. గవరయ్య వాడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తెల్లవారేసరికి దేవసహాయం వణకడం ఆగిపోయింది. ముఖం తేటగా అయింది. "చలి పోయిందిరా గవరా. వెచ్చగా ఉంది. మా అమ్మతో చెప్పు" అన్నాడు. ఆ తరవాత మాట లేదు. ఆ రోజుల్లో పోయినవాళ్ళను ఇళ్ళకు పంపే ఏర్పాటు లేదు. దేవసహాయానికి క్రైస్తవ ప్రార్థన చదివి, కొండ వాలులో పల్టన్ సమాధుల తోటలోనే పూడ్చి రాయి నిలబెట్టారు.

మరుసటి ఏడు వేసవిలో అక్కడే సంస్మరణ సభ జరిగింది. పోయినవాళ్ళ కుటుంబాలను పిలిపించారు. స్మారక స్తంభం చుట్టూ కాపలా నిలిచేవాళ్ళలో ఒకడిగా గవరయ్యను ఎంచుకున్నారు. వాడు సంతోషించాడు. స్నేహితుడికి తన చేత్తో ఇవ్వగల గౌరవం ఇంతకన్నా ఏముంటుంది? దేవసహాయం తల్లి సువార్తమ్మ కూడా వస్తోందని తెలిసింది. కాపలా దిగగానే ఆమెను కలిసి, దాచుకున్న మాట చెప్పేద్దామనుకున్నాడు.

పూలచక్రాలు ఉంచడం అయింది. అధికారులు గుడారాల వైపు వెళ్ళారు. కుటుంబాలవాళ్ళను సమాధుల మధ్యకు వదిలారు. తల వంచుకుని ఉన్న గవరయ్యకు తన బూట్ల ముందు కాస్త పచ్చిక తప్ప ఏమీ కనిపించడం లేదు. ఎవరో అరవ జవాను వచ్చీరాని తెలుగులో "అమ్మా, ఈ సిపాయి మీ కొడుకు దోస్త్. పేరు గవరయ్య. మీ భాషే" అని చెప్పి వెళ్ళడం వినిపించింది. పచ్చిక మీదికి రెండు పాదాలు వచ్చి ఆగాయి. పగిలిన మడమలు. ఎవరివో అరువు తెచ్చుకున్న పెద్ద గుడ్డ బూట్లు, వెనక తొక్కేసి ఉన్నాయి.

"నువ్వేనా నాయనా గవరయ్యవి? మావాడు సెలవుకొచ్చినప్పుడల్లా నీ మాటే చెప్పేవాడు."

గవరయ్య కదలలేదు.

"వాడి రాయి చూశానయ్యా. చెయ్యి పెడితే ఎంత చల్లగుందో! మా పేటలో నేసిన దుప్పటి తెచ్చా. రాయి మీద కప్పి వచ్చా." పాదాలు ఇంకాస్త దగ్గరికి జరిగాయి. "ఒక్క మాట అడుగుతా, చెప్పు. పొయ్యేముందు చలికి బాగా యాతన పడ్డాడా వాడు? చిన్నప్పుడు మంచు కురిసే పొద్దుల్లో నా కొంగు వదిలేవాడు కాదు. రాత్రుళ్ళు అదే గుర్తొస్తది నాకు."

జవాబు గవరయ్య నాలుక చివరే ఉంది. గట్టిగా ఊపిరి వదిలితే బయటపడేంత చిన్న మాట. గుడారాల దగ్గర అధికారులు చూస్తూ ఉంటారు. తాను నోరు తెరిస్తే ఈ రాళ్ళ కింద ఉన్నవాళ్ళందరికీ, వాళ్ళలో దేవసహాయానికీ తలవంపు అనుకున్నాడు. కాసేపట్లో కాపలా మారుతుంది, అప్పుడు పరిగెత్తుకెళ్ళి చెబుతాననుకున్నాడు. పళ్ళు బిగించాడు. కంటి నీరు జారి తుపాకీ మీది చేతుల మీద పడింది. తుడుచుకోకూడదు.

ఆ పాదాలు అక్కడే నిలిచాయి. తరవాత, "సర్లే నాయనా. నాకు తెలిసిందిలే" అంది సువార్తమ్మ. పాదాలు పచ్చిక దాటి వెళ్ళిపోయాయి.

నియమం సంగతి ఆమెకు తెలిసిందని గవరయ్య మనసు తేలికపడింది. కాపలా మారాక గుడారాల వైపు పరిగెత్తాడు. కొండ కనుమ దారి మీద మబ్బు పట్టిందని, కుటుంబాలవాళ్ళ లారీని ముందే కిందికి పంపేశారు. ఆ సాయంత్రం పెద్ద అధికారి వాడి భుజం తట్టి, మనిషంటే ఇలా నిలబడాలి అన్నాడు. తరవాత కొత్తగా వచ్చిన జవాన్లకు మస్తానయ్య వాణ్ణే చూపించేవాడు.

మొదటి సెలవులో చెల్లెలి పెళ్ళి అడ్డొచ్చింది. ఇంకో సెలవులో రైలు చీరాలలో ఆగింది. గవరయ్య పెట్టె చేతికి తీసుకున్నాడు కూడా. ఏ ముఖంతో వెళ్ళనని ఒక్క క్షణం తటపటాయించాడు. రైలు కదిలింది. చెప్పాల్సింది మంచి మాటే కదా, ఎప్పుడు చెప్పినా మంచి మాటే అని సర్దిచెప్పుకున్నాడు. అలా ఏళ్ళు గడిచాయి.

చివరికి వెళ్ళింది క్రిస్మస్ ముందు రోజుల్లో. ఒక ఉన్ని శాలువా కొనుక్కుని, పొద్దున్నే ఆ పేటలో ఇల్లు వెతుక్కుంటూ చేరాడు. వీధంతా పొగమంచు. జనం ముసుగులు కప్పుకుని చలి మంటల దగ్గర కూర్చున్నారు. సువార్తమ్మ ఒక్కతే అరుగు మీద పలచటి చీరతో, ఒంటి మీద ఇంకేమీ లేకుండా కూర్చుని ఉంది. చేతులు వణుకుతున్నాయి. లోపలి నుంచి ఆమె కూతురు మార్తమ్మ వచ్చి, "ఎంత చెప్పినా కప్పుకోదండీ. ఆ కొండ మీదికి పోయొచ్చిన కాణ్ణించీ ఇంతే. ఇంట్లో నేసిన దుప్పట్లు ఎన్నో ఉంటయ్, ఈమె మాత్రం ముట్టదు" అంది.

గవరయ్య అరుగు కింద మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "అమ్మా, నేను గవరయ్యని. ఆడికి సలి లేదమ్మా. సివర్లో ఎచ్చగా ఉందన్నాడు. నీకు సెప్పమన్నాడు."

ఆమె వాడి ముఖంలోకి వంగి చూసింది. "ఆ రోజు అడిగాగా నాయనా."

"కాపలాలో ఉన్నోడు పలకకూడదమ్మా. అది మా రూలు."

"అట్టనా!" అంది సువార్తమ్మ. "నాకెవరూ చెప్పలా. తల వంచుకుని ఏడుస్తా ఉంటివి. అమ్మతో చెప్పుకోలేనంత యాతన పడి పోయుంటాడు, అందుకే పిలగాడి నోటెంట మాట రావట్లా అనుకున్నా."

గవరయ్య ఆమె పాదాలు పట్టుకున్నాడు. "ఇప్పుడు సెప్తన్నాను కదమ్మా. ఒట్టు. ఆడు అన్న మాటే."

ఆమె వాడి తల నిమిరింది. "అయ్యుంటదిలే. నువ్వు మంచోడివి నాయనా. ముసల్దాన్ని ఊరడించాలంటే మంచోళ్ళు ఇట్టాగే చెప్తారు. ఆ పొద్దు చెప్పుంటే నమ్మేదాన్ని."

శాలువా అందుకుని, మెత్తగా ఉందని తడిమి చూసింది. మడత విప్పకుండానే లోపలికి తీసుకెళ్ళి గూట్లో బైబిలు పక్కన పెట్టింది. వచ్చినవాడికి అన్నం పెట్టమని కూతురికి చెప్పింది. గవరయ్య తింటుండగా సముద్రం వైపు నుంచి ఈదురు గాలి వీచింది. మళ్ళీ అరుగు మీద కూర్చున్న ఆమె కొంగు భుజాల చుట్టూ లాక్కుంది. అంతలోనే ఏదో గుర్తొచ్చినదానిలా చెయ్యి ఆగింది. కొంగు వదిలేసింది.

మస్తానయ్య అక్కడితో ఆపాడు. తాతాజీ గ్లాసులో టీ చల్లారిపోయింది. మైదానంలో కవాతు చేసిన జవాన్లు ఎప్పుడో వెళ్ళిపోయారు. తాతాజీ ఆ టీ పారబోసి గ్లాసు పక్కన పెట్టాడు.

"అయితే ఆ రోజు గవరయ్య తల ఎత్తాల్సిందంటారా, ఉస్తాద్ గారూ?"

మస్తానయ్య లేచి టోపీ సరిచేసుకున్నాడు. "వాడు కదలలేదని పైవాళ్ళు మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. ఆ తల్లి కూడా ఒక్క మాట అనలేదు." నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరగలేదు. "రాయి ముందు ఎలా నిలబడాలో నాకు తెలుసు అబ్బాయ్. తెలిసినంతవరకూ నీకు నేర్పాను."