పాపను ఎవరూ ముట్టుకోవద్దు

కామాక్షమ్మ గారికి వాదించే అలవాటు లేదు. ఏటికొప్పాకలో తమ ఇంటి వరండాలోనే ఆవిడ పసిపిల్లల తల్లులకూ, బాలవాడి పెట్టుకోవాలనుకునే అమ్మాయిలకూ మాంటిస్సోరి పద్ధతి నేర్పేవారు. ఎవరైనా చిక్కు ప్రశ్న వేస్తే జవాబు చెప్పేవారు కాదు. ఆ చిక్కు నడుస్తున్న ఇంటికి వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవారు.

ఒకనాడు దమయంతి అనే శిష్యురాలు అడిగింది. "అమ్మా, బిడ్డ తనంతట తాను ప్రయత్నిస్తున్నప్పుడు మనం చెయ్యి పెట్టకూడదంటారు. కానీ బిడ్డ అవస్థ పడుతుంటే చూస్తూ కూర్చున్న తల్లిని ఇంట్లో పెద్దవాళ్లు రాతిగుండెది అంటారు. వాళ్లకు మేమేం చెప్పాలి?"

"రేపు వరహాలు కూతురికి అన్నప్రాశన. నువ్వూ రా" అన్నారు కామాక్షమ్మ గారు.

వరహాలు లక్క బొమ్మలు చేసే వారింటి కోడలు. ఆమె కూతురు లాస్యకు కాన్పులోనే కుడి భుజం దెబ్బతింది. వాడగా వాడగా చెయ్యి కదలొచ్చనీ, పూర్తిగా వస్తుందని మాత్రం మాట ఇవ్వలేననీ డాక్టరు చెప్పాడు. ఆ రెండో మాట ఒక్కటే అత్త పైడమ్మ చెవిన పడింది. అన్నం తినే చెయ్యి పోయిందని ఏడ్చి, ఆనాటి నుంచి మనవరాలిని చంక దించలేదు. ఏది కావాలన్నా ఎడమచేతికి అందించేది. ఇంటినిండా పిల్లలాడుకునే బొమ్మలే, ఆ ఇంటి పిల్ల మాత్రం ఒక్కదాన్నీ తానుగా అందుకోలేదు.

వరహాలు కామాక్షమ్మ గారి దగ్గర నేర్చుకుని వెళ్లి, కూతురిని అత్త చంకలోంచి దింపింది. నేలమీద చాప వేసి, గోడవార అద్దం అడ్డంగా నిలబెట్టి, పాపను బోర్లా పడుకోబెట్టేది. చుట్టాలు తెచ్చిన, బ్యాటరీతో పాటలు పాడే బొమ్మల్ని అటకెక్కించింది. ఆమె భర్త అప్పలకొండ పాప నోట్లో పెట్టుకున్నా భయం లేకుండా, రంగు వెయ్యకుండా బొమ్మలు చేసే అంకుడు కర్రతో ఒక కడియం నున్నగా చేసి ఇచ్చాడు. ఒకరోజు ఆ కడియం, ఒకరోజు చిన్న ఇత్తడి గిన్నె, ఒకరోజు ముడివేసిన మెత్తటి గుడ్డ. ఏదైనా ఒక్కటే పెట్టేది, అదీ కుడివైపే, కాస్త దూరంగా పెట్టేది. పాప గింజుకునేది. ఎడమచెయ్యి అటు సాచబోయి పొర్లిపోయేది. ఒక్కోసారి అలిసిపోయి ఏడ్చేది. అప్పుడు వరహాలు ఎత్తుకుని పాలిచ్చి, మర్నాడు మళ్లీ చాప వేసేది. వీధిలో వాళ్లు చూసి నొచ్చుకునేవారు. కుడిచెయ్యి కదిలినట్టే ఉండేది, పట్టు మాత్రం చిక్కేది కాదు.

అన్నప్రాశన నాటికి ఇల్లు చుట్టాలతో నిండిపోయింది. పాపకు పాయసం నాకించాక, అరిటాకు పరిచి దానిమీద పుస్తకం, కలం, బంగారు గొలుసు, పూలు పెట్టారు. పాప పాకుతూ వెళ్లి ఏది ముట్టుకుంటే బతుకు ఆ దారి పడుతుందని అందరి నమ్మకం. వరహాలు పాపను ఆకు ఎదుట చాపమీద బోర్లా పడుకోబెట్టింది. పైడమ్మ మనవరాలిని ఒళ్లోకి తీసుకోబోయింది.

"కుడిచెయ్యి నాను పట్టుకుని పుస్తకం ముట్టిస్తాను. నలుగురిలో ఎడంచెయ్యి సాపితే బాగుండదు."

"వద్దత్తా" అంది వరహాలు. చాపకూ అత్తకూ మధ్య వచ్చి కూర్చుంది. "పాపను ఎవరూ ముట్టుకోవద్దు."

"ఏటే ఈ మొండితనం! అవిటి బిడ్డని నేలమీద వొగ్గేసి తమాసా సూస్తావా?"

"అవిటిదని మీరంటన్నారు. అదింకా అన్లేదు."

పురోహితుడు గడియారం వైపు చూసి, ముహూర్తం దాటిపోతోందమ్మా అన్నాడు. దాటనీండి అంది వరహాలు. కూర్చున్న చోటు నుంచి లేవలేదు. అప్పలకొండ వచ్చి భార్య పక్కన చతికిలబడ్డాడు.

పాప బోర్లా పడుకుని ఆకు వైపు చూసింది. మోకాళ్లతో తన్నుకుని ఒక జానెడు జరిగింది. ఎడమచెయ్యి పొట్టకింద ఇరుక్కుపోయింది. లాగబోయి లాగలేక, ముఖం ఎర్రబడి, కెవ్వుమంది. దమయంతి ఉండబట్టలేక, పుస్తకం ముందుకు తొయ్యబోయింది. కామాక్షమ్మ గారు ఆమె మణికట్టు పట్టుకుని ఆపారు. నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకున్నారు.

ఏడుపు మధ్యలో పాప కుడి భుజం ఎగిరింది. మోచెయ్యి నేలను రాసుకుంటూ, తడిగుడ్డ ఈడ్చినట్టు, కొంచెం ముందుకొచ్చింది. ఆగింది. మళ్లీ వచ్చింది. వేళ్లు అరిటాకు అంచు మీద పడి, మెల్లగా ముడుచుకున్నాయి. పాప ఏడుపు ఆపి ఒక్క గుంజు గుంజింది. పుస్తకం, గొలుసు, పూలు అన్నీ దొర్లిపోయాయి. చిరిగిన ఆకుముక్క పిడికిట్లో మిగిలింది.

"పుస్తకం కాదు, బంగారం కాదు. సిరిగిన ఆకు పట్టుకుందే తల్లీ!" అని పైడమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఏ చేత్తో పట్టుకుందో సూడండత్తా" అంది వరహాలు.

పైడమ్మ చూసింది. నెత్తిమీది చెయ్యి అక్కడే ఉండిపోయింది. అప్పటికే పాప పిడికిలి వదులై ఆకుముక్క జారిపోయింది. ముసలామె వంగి, దాన్ని తీసి పాప చేతిలో పెట్టబోయి, కోడలి ముఖం చూసి, పాపకు కాస్త దూరంగా నేలమీదే పెట్టింది. తానూ చాప అంచున కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిరిగి వచ్చే దారిలో దమయంతి ఆగి, "అమ్మా, ముహూర్తం వేళకు ఆ చెయ్యి కదలకపోయి ఉంటే వరహాలు గతేమిటి?" అంది.

కామాక్షమ్మ గారు నడక ఆపలేదు.

"ముహూర్తం మనం పెట్టుకున్నాం. ఆ పిల్లనడిగి పెట్టామా?"