కంబళ్లదిన్నెలో వీపు చూపిన అమ్మ

కంబళ్లదిన్నె ఊరికి పడమర, రాళ్లమిట్ట మీద వీపమ్మ గుడి ఉంది. చిన్న గుడి. తూర్పున ఒక ద్వారం, పడమర ఒక ద్వారం. పడమటి ద్వారాన్ని రాళ్లతో మూసేశారు. తూర్పు నుంచి లోపలికి వెళ్లిన భక్తులకు అమ్మవారి ముఖం కనిపించదు. కనిపించేది వీపు. భుజాలు కాస్త ముందుకు వంగిన నల్లరాతి విగ్రహం గోడవైపు తిరిగి ఉంటుంది. హారతి వీపుకే, పసుపు కుంకుమలూ వీపుకే. మొదటిసారి వచ్చినవారు విగ్రహాన్ని పొరపాటున తిప్పి నిలిపారేమో అనుకుంటారు. పొరపాటు జరిగిన మాట నిజమే. అది విగ్రహాన్ని నిలిపినవారిది కాదు.

పూర్వం ఇక్కడ గొర్రెలు కాచుకుని గొంగళ్లు నేసే కుటుంబాలు ఉండేవి. ఉన్ని కత్తిరించడం, నేయడం మగవారి పని. వడకడం ఆడవారి పని. ఈరక్క అనే ముసలామె వడికిన దారం మగ్గం మీద తెగదని పేరు. ఆమెకు వేళ్లు బిగుసుకుపోయిన ఏడు ఆ పేరు పోయింది. దారం తెగినప్పుడల్లా కొడుకు మాళప్ప మగ్గం ఆగేది. మగ్గం ఆగినప్పుడల్లా అతను ఉన్ని దులిపే బెత్తం అందుకునేవాడు. ముఖం మీద కొట్టేవాడు కాదు, ఊరు చూస్తుంది. చేతుల మీద కొట్టేవాడు కాదు, ఆమె ఇంకా వడకాలి. వీపు మీద కొట్టేవాడు.

ఈరక్క మండుటెండలోనూ గొంగడి కప్పుకుని తిరగడం మొదలుపెట్టింది.

"ఏందవ్వా, గొర్రెలతో పాటు నీకూ ఉన్ని మొలిసిందా?" అని నీళ్ల దగ్గర ఆడవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఒకనాడు ఆమె, ఊరిపెద్దలు తీర్పు చెప్పే కట్ట దగ్గరికి వెళ్లింది. ఇంకెవరింట్లోనైనా ఒక మూల ఇప్పిస్తే, చేతనైనంత వడికిపెట్టి బతుకుతానని అడిగింది. కోడలు కొట్టిందా అని పెద్దలు అడిగారు. కోడలైతే తీర్పు సిద్ధంగానే ఉండేది.

"లేదు నాయనా. నా కొడుకే."

"కన్నకొడుకు చెయ్యి తగిల్తే దాన్ని దెబ్బంటారా? ఏదీ, గుర్తులు యాడుండాయి?"

"వీపు మీద."

"మగోళ్ల ముందర వీపు ఇప్పుతావా? ఈ వయసులో సిగ్గు పోయిందా నీకు? ఇంటికి పో."

ఆడవారు చూసి చెబితే సరిపోయేది. కానీ కట్ట దగ్గర ఆడమాట చెల్లదు. చూపితే సిగ్గులేనిది, చూపకపోతే అబద్ధాలకోరు. ఇంత చక్కటి న్యాయం ఆ కట్ట దగ్గర తరతరాలుగా నడిచింది.

ఈరక్క మిట్ట ఎక్కింది. అప్పట్లో అమ్మవారి పేరు మిట్టమ్మ. ముఖం తూర్పుకే ఉండేది. ఎవరూ లేని గుడిలో ఈరక్క గొంగడి తీసి, అమ్మకు వీపు చూపి, మళ్లీ కప్పుకుని ఇంటికి వెళ్లింది. ఇంకెక్కడికి వెళుతుంది?

మర్నాడు పూజారి కరియన్న తలుపు తీసేసరికి అమ్మవారు పడమరకు తిరిగి ఉంది. ఊరు అదిరిపోయింది. తాళ్లు కట్టి విగ్రహాన్ని తూర్పుకు తిప్పారు. తెల్లవారేసరికి అమ్మ మళ్లీ పడమరకు తిరిగింది. ఏటా ఇచ్చే తొలి గొంగడి ఆలస్యమైందన్నారు కొందరు. ముట్టయిన ఆడదాని నీడ పడి ఉంటుందన్నారు ఇంకొందరు. ఆ మాట అందరికీ నచ్చింది. ఆడవారిని మిట్ట ఎక్కవద్దన్నారు. అమ్మ తిరగకపోతే మనమే అటు తిరుగుదామని తూర్పు ద్వారం మూసి, పడమటి గోడ పగలగొట్టి కొత్త ద్వారం పెట్టారు. మరునాటి ఉదయానికి అమ్మ తూర్పుకు తిరిగింది. ఆ ద్వారం మూసి పాతది తెరిచారు. అమ్మ మళ్లీ పడమరకు. ఎటు నిలబడినా వీపే. ముఖం ఎలా చూడాలని ఊరంతా ఆలోచించింది గానీ, వీపు ఎందుకు చూపుతోందని ఒక్కరూ అడగలేదు.

ఒకనాటి తెల్లవారుజామున పూజారి భార్య తిప్పక్కకు కల వచ్చింది. "నా ముఖంతో మీకేం పని? చూపిస్తున్నది చూడండి" అన్నదట అమ్మ. తిప్పక్క లేచి భర్తకు చెప్పింది.

"అమ్మకు చెప్పాలనుంటే నాకు చెప్పదా? నువ్వేమన్నా పూజారివా?" అన్నాడు కరియన్న.

"ఈరక్క గొంగడి మోసుకొని తిరుగుతాంది. ఒకసారి పోయి సూసొస్తా."

"ఆ ఇంటి రచ్చ మనకేల?"

తిప్పక్క వెళ్లలేదు. కల వచ్చిన మూడో రోజు ఈరక్క చనిపోయింది. శవానికి నీళ్లు పోయడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు గనక అప్పుడు వెళ్లింది. గొంగడి తీసి వీపు చూసి, తడి చేతులతోనే మిట్టకు పరిగెత్తింది. రాతివీపు మీద కూడా అవే చారలు, అదే వరుసలో ఉన్నాయి. ఆ రోజు నుంచి విగ్రహం కదల్లేదు. చూడవలసినది చూశారు గనక అమ్మ శాంతించిందని ఊరు చెప్పుకుంది. చూపించుకోవలసిన మనిషి లేదు గనక ఆగిందని తిప్పక్క అన్నదట.

మాళప్పకు శిక్ష పడినట్టు ఈ కథలో లేదు. అతను ఆ ఏటి తొలి గొంగడిని అమ్మకు సమర్పించాడు. జాతరలో తొలిపూజ ఇప్పటికీ ఆ వంశానిదే.

చనిపోయాక చూడటం చూడటం కాదని తిప్పక్క ఒక ఆచారం అడిగింది. ఏటా జాతరనాడు ప్రతి ఇంటి ముసలామెకూ తడికెల చాటున పరాయి ఇంటి స్త్రీ ఒకరు వచ్చి వీపు మీద నీళ్లు పోయాలి. కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు అక్కడ ఉండకూడదు. పెద్దలు ఒప్పుకున్నారు. ఒకే షరతు పెట్టారు: తడికెల లోపల చూసినది బయట చెప్పకూడదు, అమ్మే చూసుకుంటుంది. తిప్పక్క చివరికి సరేనన్నది.

ఉగాది తర్వాత రెండో మంగళవారం ఆ ఆచారం ఇప్పటికీ జరుగుతోంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో ముసలివారిని తీసుకువస్తారు. వేడినీళ్లు గుడి కమిటీవారే ఏర్పాటు చేస్తారు. తడికెల పక్కన నిలబడితే మాటలు వినిపిస్తాయి.

"నీళ్లు సరిపోయినాయా అవ్వా?"

"బాగుండాయి తల్లీ. ఆడ మాత్రం మెల్లగా పొయ్యి."

నీళ్ల చప్పుడు ఒక క్షణం ఆగుతుంది. మళ్లీ, ఈసారి మెల్లగా, వినిపిస్తుంది.

"అయిపాయనా?" అని బయటి నుంచి కొడుకు అడుగుతాడు.

"అయిపాయ," అంటుంది నీళ్లు పోసినామె.

ఇలా నీళ్లు పోసిన స్త్రీకి ముసలితనం సుఖంగా గడుస్తుందని నమ్మకం. తీసుకువచ్చిన కొడుకుకు మాతృసేవ ఫలం దక్కుతుందంటారు. నీళ్లు పోయించుకున్నవారికి ఏ ఫలమో పెద్దలు చెప్పలేదు. పొద్దు వాలకముందే ఎవరి ముసలివారిని వారు తీసుకువెళ్లాలి. ఈ ఒక్క రాత్రి అమ్మ దగ్గరే ఉండిపోతామని బతిమాలేవారు ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. గుడిలో నిద్ర చేసే ఆచారం ఇక్కడ లేదు.