గాజుల అంకమ్మ అరచెయ్యి

అనగా అనగా, మన తాతల తాతలకు పాలపళ్లయినా రాని కాలంలో, ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊళ్లో అంకమ్మ అనే పిల్ల ఉండేది. పిల్ల అంటున్నాను గానీ ఇరవై ఏళ్లు నిండిన మనిషి. తండ్రి లేడు. తల్లి ఉంది, చెల్లెలు చెంచమ్మ ఉంది. ముగ్గురూ కూలికి పోయి బతికేవాళ్లు.

ఆ ఇంటికి పెద్ద దిక్కు మేనమామ. అతని పేరు ఈ కథలో రాదు. గుర్తు పెట్టుకోవాల్సిన పేరు కాదది. ఒక జొన్నకోతల కాలంలో, చేలో ఒంటరిగా ఉన్న అంకమ్మ మణికట్టు పట్టుకున్నాడు. ఆమె వద్దంది. అతను వదల్లేదు, బలవంతం చేశాడు. ఎవరికైనా చెబితే మీ గడప తొక్కను, నేను లేకుండా మీరు ముగ్గురూ ఎలా బతుకుతారో చూస్తానన్నాడు. అంకమ్మ చెప్పలేదు.

చెప్పలేదు గానీ ఒళ్లు ఊరుకోలేదు. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే బిగుసుకుపోయేది. రోజుకు మూడుసార్లు నీళ్లు పోసుకునేది. జొన్నన్నం వాసన తగిలితే ముద్ద దిగేది కాదు. మూడు సంబంధాలు వచ్చాయి, మూడుసార్లూ జ్వరం వచ్చింది. ఊళ్లోవాళ్లలో కొందరు గాలి సోకిందన్నారు, కొందరు పొగరన్నారు, కొందరు బద్ధకమన్నారు. ఏమైందమ్మా అని మాత్రం ఎవరూ అడగలేదు.

చివరికి చెల్లెలికే ముందు పెళ్లి కుదిరింది. ఇంటి ఆడవాళ్లకు గాజులు తొడగడానికి మస్తానమ్మను పిలిచారు. మస్తానమ్మ ఏడూళ్లు తిరిగే గాజులామె. ఆమె చేతి ఒడుపు అందరికీ తెలుసు. చెయ్యి చటుక్కున పట్టేది, కబుర్లలో పెట్టేది, వేళ్లు దగ్గరికి నొక్కి గాజు ఎక్కించేసేది. నొప్పి తెలిసేలోపే "అయిపోయిందమ్మా, అయిపోయింది" అనేది.

అంకమ్మ వంతు వచ్చింది. మస్తానమ్మ చటుక్కున మణికట్టు పట్టింది. అంకమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి, వాటిలో చూపు లేదు. చెయ్యి కర్రయిపోయింది. గాజులు పటపటా పగిలాయి. పెళ్లింట గాజులు పగిలాయని ఆడవాళ్లు గగ్గోలు పెట్టారు. తల్లి నెత్తి కొట్టుకుంది. మస్తానమ్మ మాత్రం తన చేతివంక చూసుకుంది. నలభై ఏళ్లుగా ఇలాగే పడుతున్నాను, ఒక్కరినీ అడగలేదే అనుకుంది. గాజుపెంకులు ఏరుకుని వెళ్లిపోయింది.

మర్నాడు మళ్లీ వచ్చింది. అంకమ్మకు ఎదురుగా, బారెడు దూరంలో కూర్చుంది. అరచెయ్యి చాచి ఆగింది.

"పట్టుకోనా తల్లీ?"

అంకమ్మ తల అడ్డంగా ఊపింది.

"సరే తల్లీ" అని మస్తానమ్మ లేచి వెళ్లిపోయింది.

రెండోరోజు వచ్చింది. అరచెయ్యి చాచి ఆగింది.

"పట్టుకోనా తల్లీ?"

"వద్దు" అంది అంకమ్మ, ఈసారి నోటితో.

"సరే తల్లీ."

మూడోరోజు వచ్చింది. తెల్లవారితే పెళ్లి. వాకిట్లో మేనమామ కొత్త వెదురుబుట్టకు దగ్గరుండి పసుపు పూయిస్తున్నాడు. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి ఎత్తుకొచ్చేది మేనమామే కదా. మస్తానమ్మ అరచెయ్యి చాచి ఆగింది. అంకమ్మ బుట్టవంక చూసింది. చెల్లెలివంక చూసింది. తన చెయ్యి తనే తీసి ఆ అరచేతిలో పెట్టింది. మస్తానమ్మ వేళ్లు ముడవలేదు.

"అవ్వా, మా చెంచిని ఆయన ఎత్తకూడదు" అంది అంకమ్మ. తర్వాత మిగిలినదంతా చెప్పింది.

తల్లి అక్కడే ఉంది.

"మరి అప్పుడు అరవలేదేమే?"

"నోరు రాలేదమ్మా."

"నాతోనన్నా చెప్పలేదేమే?"

"నువ్వు ఇదే అడుగుతావని."

మస్తానమ్మ తల్లివైపు తిరిగింది. "తేలు కుడితే ఒకరు కేకలు పెడతారు, ఒకరికి నోరు పడిపోతుంది. అరవలేదు కాబట్టి కుట్టలేదంటావా తల్లీ?"

తల్లి లేచి వాకిట్లోకి నడిచింది. పసుపు ఆరని బుట్టను తీసి తమ్ముడి కాళ్ల ముందు పడేసింది.

"నా గడప దిగు."

"నేను లేకపోతే ఎలా బతుకుతారే మీరు?"

"నువ్వుండగా నా బిడ్డ బతికిందా?"

అతను గడప దిగాడు. సగం ఊరు అంకమ్మ మాట నమ్మింది, సగం ఊరు నమ్మలేదు. కథ కదా అని అందరూ నమ్మారని చెప్పలేను. చెంచమ్మ మాత్రం బుట్ట ఎక్కలేదు. అక్క పక్కనే, తన కాళ్లమీద తను నడిచి పందిట్లోకి వచ్చింది.

తర్వాత అంకమ్మ మస్తానమ్మ దగ్గర పని నేర్చుకుంది. గాజుల మలారం భుజాన వేసుకుని ఏడూళ్లూ తిరిగింది. భయం మొత్తం పోయిందా అంటే పోలేదు. ఏటా జొన్నకోతలప్పుడు నిద్ర పట్టేది కాదు. కానీ ముద్ద దిగింది, నవ్వు వచ్చింది. ఎవరి చెయ్యీ తనంతట తాను పట్టలేదు. అరచెయ్యి చాచి ఆగేది. అంకమ్మ దగ్గర గాజులు తొడిగించుకుంటే పొద్దు గూకుతుందని ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లు. అయినా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. కొందరు తొడిగించుకున్నాక కూడా చెయ్యి తీసేవాళ్లు కాదు. ఏదో చెప్పేవాళ్లు. అరవలేదేమని అంకమ్మ ఎవరినీ అడగలేదు. "నమ్ముతున్నా తల్లీ" అనేది.

ముసలిదైపోయింది అంకమ్మ. ఒకరోజు కన్నుమూసింది. ఆఖరి స్నానం చేయించడానికి ఏడూళ్ల ఆడవాళ్లు వచ్చారు. ఎవరికీ ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. అప్పుడు చెంచమ్మ అక్క పక్కన కూర్చుని, అరచెయ్యి చాచింది.

"పట్టుకోనా అక్కా?"

అందరూ ఆగారు. కాసేపటి తర్వాతే నీళ్లు పోశారు.

ఇప్పటికీ ఆ ఏటి ఒడ్డు ఊళ్లలో గాజులు తొడిగేవాళ్లు ముందు అరచెయ్యి చాచి ఆగుతారు. ముహూర్తం ముంచుకొస్తున్నా సరే, ఆగుతారు. ఏ పిల్లయినా చెయ్యి వెనక్కి తీసుకుంటే ఎందుకని అడగరు. "సరే తల్లీ" అంటారు. రేపు మళ్లీ వస్తారు.