ఓబులేసు కొయ్య

అనగనగా ఒక కోట. కోటకొక చెరసాల. చెరసాలకొక కాపలావాడు. వాడి పేరు ఓబులేసు. తాతల తాతలకు తాతలు పుట్టకముందు మాట.

ఆ కోటలో ఒక కట్టడి ఉండేది. చెరసాల తాళాల గుత్తి కాపలావాడి మొల దిగకూడదు. తింటున్నా, పడుకున్నా అక్కడే ఉండాలి. తాళం దిగితే తల దిగుతుంది. ఓబులేసుకు అది వేదవాక్కు.

కొలువుకెక్కిన కొత్తలో ఖైదీలు ఏడిస్తే తానూ ఏడ్చేవాడు. కొన్నాళ్లకు వింటూ ఊరుకున్నాడు. ఇంకొన్నాళ్లకు విన్నా మనసుకు పట్టడం మానేసింది. ఇంట్లో చిన్న కూతురు చిట్టెమ్మ నవ్వినా అంతే, ఏడ్చినా అంతే.

"నాలుగు దినాలు సెలవడగయ్యా" అని పెళ్లాం గంగులమ్మ పోరింది.

"నేను లేకుంటే వాండ్లకు నీళ్లెవరు పోస్తారే?" అన్నాడు.

పండగొచ్చింది, మళ్లీ అడిగింది. అదే మాట. అతనికే జ్వరమొచ్చింది, మళ్లీ అడిగింది. అదే మాట. పాపం, అబద్ధమూ కాదు. ఇంకో కాపలావాడు లేడు మరి.

ఒక పొద్దున చిట్టెమ్మ ఒళ్లు పెనంలా కాలిపోతోంది. తల్లి బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఓబులేసు గడప దాటి, తలుపు మూసి, అలవాటు చొప్పున బయట గొళ్లెం పెట్టి తాళం వేశాడు. గంగులమ్మ తలుపు బాదింది, అరిచింది. అతనికి వినబడింది. తలుపు వెనక అరుపులు రోజూ వినేవే కదా! వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఇరుగుపొరుగు వాళ్లు కప్పు గడ్డి పీకి తల్లీబిడ్డలను బయటికి లాగారు. వైద్యుడు మందు పోశాడు. బిడ్డ బతికింది.

సాయంత్రం ఓబులేసు వస్తే గంగులమ్మ తిట్టలేదు. "మేమేం తప్పు చేసినామని చెరలో పెడితివి?" అని అడిగింది అంతే. అతని మొలలో తాళాలు గలగలమన్నాయి. ఆ చప్పుడుకు చిట్టెమ్మ తల్లి వెనక దాక్కుంది. ఖైదీలు గోడకు ఒదిగేదీ అలాగే. ఓబులేసు ఎన్నేళ్లకో వెక్కి వెక్కి ఏడ్చాడు.

తిన్నగా కోటకు పోయాడు. ద్వారం పక్క గోడకు కొయ్య దిగ్గొట్టి తాళాలు తగిలించాడు. కోటకు అధికారి అయిన కిల్లేదారు కత్తి దూశాడు.

"తల తీస్తే తీయండి దొరా. తీయకుంటే నాకు తోడు ఇంకొకణ్ణి పెట్టండి. మనసు చచ్చినోడు మనుషులకు కాపలా కాయకూడదు."

ఇంత నమ్మకస్తుడు మళ్లీ దొరకడని కిల్లేదారుకు తెలుసు. కత్తి ఒరలో పెట్టి, రెండో కాపలావాణ్ణి పెట్టాడు.

మర్నాడు ఓబులేసు కొలువు దిగి, తాళాలు కొయ్యకు తగిలించి వచ్చి, గడపలో నిలబడి ఖాళీ చేతులు చూపించాడు. చిట్టెమ్మ రాలేదు. రెండోనాడూ రాలేదు. మూడోనాడు వచ్చింది.

ఓబులేసు పోయాడు, కోటా కూలిపోయింది. అయినా ఆ సీమలో ఎవరైనా పనినుంచి ముఖం మాడ్చుకొని వస్తే, "ఓబులేసు కొయ్యకు తగిలించి రా" అంటారు. జైలు కాపలావాళ్లయితే గడపలోనే ఆగి రెండు అరచేతులూ చూపిస్తారు. అవి చూశాకే పిల్లలు ఎత్తుకోమని వస్తారు.