పద్మనాభం గారికి రాసిన ఉత్తరం

పరాంకుశానికి ఆ రోజు కాలు నేల మీద నిలవలేదు. ఎలా నిలుస్తుంది మరి? ఏడాది పాటు దుమ్ము మింగితే, ఇన్నాళ్లకు ఉత్తరమంటే ఇదీ అనిపించేది ఒకటి దొరికింది.

వీరరాఘవయ్య గారు మంత్రిగా చేసి, పదవి పోయాక కూడా పెద్దమనిషిగానే బతికి వెళ్లిపోయారు. ఆయన ఉత్తరాలు దాచడానికి ఇంటివాళ్లు ఆ ఇంట్లోనే రెండు గదులు వదిలారు. వాటిని చూసుకునేది మస్తాన్ సాహెబు గారు. చిరిగిన కాగితానికి అతుకు వేయడంలో ఆయన్ని మించినవాళ్లు ఆ జిల్లాలో లేరు. పరాంకుశం చరిత్రలో ఎం.ఏ. చేసి, కోరి వచ్చి ఆయన దగ్గర శిష్యుడిగా చేరాడు. సాహెబు గారు వాణ్ణి "పంతులూ" అని పిలిస్తే వాడు మురిసిపోయేవాడు. అందులో వెటకారం పాలెంతో పాపం వాడికి తెలియదు.

వారం కిందట చీరాల నుంచి ఒక కార్డు వచ్చింది. రాసింది సింగరాజు పద్మనాభం గారు. తొంభై ఒకటో ఏడు. ఒకప్పుడు వీరరాఘవయ్య గారితో జైల్లో ఒకే కంచంలో తిన్న మనిషి. పార్టీ చీలినప్పుడు మాటా మాటా పెరిగి ఇద్దరూ విడిపోయారు.

"ఆ తరవాత వాడి దగ్గర్నుంచి నాకు ఒక్క ముక్క రాలేదు. నా పేరున ఏమైనా రాసి పెట్టాడేమో చూడండి బాబూ. నాకింక ఎక్కువ రోజులు లేవు," అని వణుకుతున్న అక్షరాలతో ఉంది.

వెతగ్గా వెతగ్గా దొరికింది. నాలుగు పేజీలు. పైన పద్మనాభం గారి పేరు, తేదీ, కింద సంతకం. మధ్యలో అంతా నిప్పులే. "ఈ జన్మలో నీ మొహం చూడను," అని మూడు చోట్ల ఉంది.

"పంపించేద్దామండీ," అన్నాడు పరాంకుశం.

"మొత్తం చదివావా?"

"రెండుసార్లు చదివానండీ."

"చదివి కూడా పంపుదామంటావు!"

"ఎవరి పేరున రాస్తే ఉత్తరం వాళ్లది కదండీ. సెక్రటరీ ఎవడో పోస్టు చెయ్యడం మరిచిపోయి ఉంటాడు. ఆ పని మనం చేస్తున్నాం, అంతే. నిజం దాచడానికి మనమెవరం?"

"తొంభై దాటిన మనిషి, పంతులూ."

"చరిత్రకి వయసుతో పనేముందండీ?"

ఆ మాట వాడికే తెగ నచ్చేసింది. సాహెబు గారు మాత్రం నవ్వారు. వాడంటే ఆయనకు ప్రాణం, వాడి తిక్కతో సహా. సొరుగు లాగి ఒక పోస్టు కవరు తీసి బల్ల మీద పెట్టారు.

"సరే. అడ్రసు రాసి పెట్టేయ్."

పరాంకుశం గుండ్రటి అక్షరాలతో అడ్రసు రాశాడు. నాలుగు కాగితాలూ తీసి కవరు దగ్గర పెట్టాడు. పట్టలేదు. కాగితాలు పెద్దవి, కవరు చిన్నది. మడుద్దామని వేళ్లు ఆనించి, ఆగిపోయాడు.

లేచి కిటికీ వెలుగులో పట్టి చూశాడు. ఏడాదిగా వేల ఉత్తరాల మడతలు సాపు చేసిన చేతులవి. మడత పడిన చోట కాగితం ఎలా నలుగుతుందో, సిరా ఎలా వెలిసిపోతుందో వాటికి బాగా తెలుసు. ఈ నాలుగింటి మీదా ఒక్క గీత కూడా లేదు. రాసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

తేదీ మళ్లీ చూశాడు. అది రాశాక వీరరాఘవయ్య గారు ఇంకా పదకొండేళ్లు బతికారు. పోస్టు డబ్బా చూస్తే ఇంటి ఎదురుగానే ఉండేది.

"గురువుగారూ..."

"ఆయన మడవలేదురా," అన్నారు సాహెబు గారు మెల్లగా. "నువ్వు మడుస్తావా?"

 పరాంకుశం కాగితాలను ఉన్నవి ఉన్నట్టుగా పెట్టెలో పరిచాడు. కవరు పక్కకు నెట్టి ఒక కార్డు తీసుకున్నాడు. చాలాసేపు కూర్చుని నాలుగే ముక్కలు రాశాడు.

"అయ్యా, మీ పేరున ఒక ఉత్తరం ఉంది. కోపంలో రాశారు. పంపలేక పదకొండేళ్లు దగ్గరే ఉంచుకున్నారు. చూస్తానంటే చెప్పండి, నేనే వచ్చి మిమ్మల్ని తీసుకొస్తాను."

సాహెబు గారు కార్డు అందుకుని చదివారు. కళ్లజోడు తీసి, పైపంచెతో కళ్లు ఒత్తుకున్నారు.

"ఇది పోస్టు చెయ్," అన్నారు.