రెండు మువ్వలు, ముగ్గురు కొత్తవాళ్లు

కొండకీ ఊరికీ మధ్య ఒక వేరుశనగ చేనుంది. కాయ పీకేశాక మనుషులకి దాంతో పనుండదు, జంతువులకి ఉంటుంది. అటు రెండు ఈత మొద్దులు, ఇటు రెండు ఈత మొద్దులు పాతితే అదే మైదానం. గోనెసంచి ముక్కలో వరిగడ్డి కూరి కుడితే అదే బంతి. కొండమీది అడవి జట్టు, ఊళ్లోని దొడ్డి జట్టు ఏటా ఒకసారి అక్కడ తేల్చుకుంటాయి.

కాలక్షేపానికి ఆడే ఆట కాదది. గెలిచిన జట్టుకి వేసవంతా ఏటి ఒడ్డు దక్కుతుంది: నీళ్లు, నీడ, పచ్చిక. ఓడినవాళ్లకి మిగిలేది ఎండుగడ్డి, కుడితి తొట్టి అడుగున మురుగు. దొడ్డి జట్టు ఏడేళ్లుగా ఆ మురుగే తాగుతోంది.

జట్టులో చేరినవాళ్ల మెడలో మువ్వ కడతారు. మువ్వ ఉన్న మెడకి ఏడాది పొడుగునా ఉలవలు అందుతాయి. ఆ మెడ జోలికి ఎంతటి కోరపళ్లవాడూ రాకూడదు. కిందటేడు ఓడిన జట్టు ముగ్గురు కొత్తవాళ్లని ముందుగా ఏరుకుని మూడు రోజులు ఆడించి చూస్తుంది. మువ్వలు మాత్రం రెండే. మిగిలిన ఒకరిని గట్టు మీది బండ దగ్గర నిలబెట్టి వదిలేస్తారు. కావాలంటే ఎదుటి జట్టు పిలుచుకోవచ్చు. పిలిచాక మాట వెనక్కి తీసుకోడానికి లేదు. ఆ ఏడాది మువ్వ కట్టి ఆడించి తీరాలి.

ఈసారి దొడ్డి ఏరుకున్నది పొట్టేలు ఉక్కయ్యని, మేకపిల్ల చివురిని, సున్నపు బట్టీలో బస్తాలు మోసే గాడిదపిల్ల తెల్లిని. తెల్లి అసలు రంగు బూడిద. ఒంటి నిండా సున్నం దుమ్ము కాబట్టి ఆ పేరు పడింది. మువ్వ రాకపోతే మళ్లీ ఆ బట్టీకే, ఆ దుమ్ములోకే.

దొడ్డి జట్టుకి పెద్ద, కోడిపుంజు డేగయ్య. ఆట నేర్పేది ముసలి గేదె కాటుకమ్మ. వయసులో ఉండగా గోలు ఆపబోయి ఎడమ కొమ్ము విరగ్గొట్టుకుంది. ఆ విరిగిన కొమ్ముని ఇప్పటికీ ఎవరికీ కనబడకుండా దాచుకోదు.

"కాటుకమ్మత్తా, కొత్తవాళ్లని తూచడానికి ఈసారి గొప్పవాణ్ణి పిలిపించాను," అన్నాడు డేగయ్య.

ఆ గొప్పవాడు వెనకాలే ఉన్నాడు. నక్క సింగారప్ప. తోక దువ్వుకుని, నుదుట బొట్టు పెట్టుకుని మరీ వచ్చాడు.

"ఈయన అడవివాడు కదయ్యా," అంది కాటుకమ్మ.

"ఒకప్పుడు," అన్నాడు సింగారప్ప వినయంగా. "ఇప్పుడు నాకు అడవీ లేదు, దొడ్డీ లేదు. ఆటే నా ఇల్లు వదినా."

"వదినా? మీ అన్న ఎవరయ్యా నన్ను కట్టుకున్నది?"

"అత్తా, ఊరుకో," అన్నాడు డేగయ్య. "అడవి జట్టులో ఇవాళ మెరుస్తున్న ముగ్గురినీ ఏరింది ఈయనే. ఈయన కన్ను పడితే తిరుగుండదు. నా కూత విని, ఇంత గంభీరమైన గొంతు కొండ మీద కూడా లేదన్నాడు."

"అలాగా. అంటే తూకం నీతోనే మొదలుపెట్టాడన్నమాట," అంది కాటుకమ్మ.

మొదటి రోజు ఆట మొదలైంది. ఉక్కయ్య పరుగుకి చేనంతా దుమ్ము లేచింది. తల వంచి బంతిని ఒక్క పోటు పొడిస్తే ఆ చప్పుడుకి చెట్ల మీది కాకులు లేచిపోయాయి. బంతి మాత్రం గోలు పక్కగా పోయి ముళ్లకంచెలో పడింది. అయినా అందరూ కేరింతలు కొట్టారు, చప్పుడు బాగుంది కదా. చివురి నలుగురి మధ్యనుంచి దారంలా దూరిపోయింది. తెల్లి గోలు ముందు నిలబడింది. అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేసింది. అంతే.

సింగారప్ప గొంతు సవరించుకున్నాడు. "ఉక్కయ్యకి పదికి తొమ్మిదిన్నర. ఆ అర ఎందుకు కోశానంటే దిష్టి తగలకుండా. చివురికి ఏడు. ఇక ఆ గాడిదపిల్లకి ఒకటిన్నర. ఆ అర చెవుల పొడుగుకి."

దొడ్డంతా పగలబడి నవ్వింది. తెల్లి నవ్వలేదు, ఏడవలేదు. తల వంచుకుని వెళ్లి బంతికి అంటుకున్న ముళ్లు పళ్లతో పీకింది.

ఆ సాయంత్రం గోలు కాచే పంది వరాలు దగ్గరికి కాటుకమ్మ వెళ్లింది.

"ఏమే వరాలూ, ఆట నడుస్తుంటే కునుకు తీశావు?"

"ఏం చెయ్యను కాటుకమ్మా? ఆ తెల్లి నా ముందు నిలబడ్డాక నాదాకా బంతి రాలేదు. కొంచెంసేపు చూశాను. ఇక రాదని తెలిసి కళ్లు మూసుకున్నాను."

కాటుకమ్మ నెమరు వేయడం ఆపేసింది.

రెండో రోజు కాటుకమ్మ వెళ్లి తెల్లి పక్కనే నిలబడి అడిగింది. "బంతి వెనక పరుగెత్తవేం పిల్లా?"

"అది నా దగ్గరికే వస్తుంది కదా పెద్దమ్మా. ఎక్కడికొస్తుందో అక్కడ ఉంటాను."

"ఎక్కడికొస్తుందో నీకెలా తెలుసు?"

తెల్లి సిగ్గుపడింది. "బట్టీ దగ్గర సన్నటి గట్టు మీద నడుస్తాం. ముందు నడిచేవాళ్లు తూలితే వెనకవాళ్లం కూడా పడతాం. అందుకని వాళ్ల కాలు చూడను, భుజం చూస్తాను. భుజం ఎటు వంగితే కాలు అటే పడుతుంది. ఇక్కడా అంతే. బంతిని చూస్తే ఆలస్యమైపోతుంది."

"ఇది నీకెవరు నేర్పారు?"

"బస్తాలు," అంది తెల్లి.

కాటుకమ్మకి కడుపు నిండినంత పనైంది. ఇన్నేళ్లలో తను ఎంతమందికి చెప్పింది, ఒక్కరి బుర్రకీ ఎక్కలేదు. ఈ పిల్ల ఎవరూ చెప్పకుండానే పట్టేసింది. కానీ ఆ మాట పైకి అనలేదు. అనుమానం ఒకటి తొలుస్తోంది. పందికి తెలిసిన సంగతి, తిరుగులేని కన్నున్న నక్కకి ఎందుకు తెలియలేదు?

మూడో రోజు ఆమె ఆట చూడలేదు. తెల్లి నేర్పిన పాఠం తెల్లి లాగే పాటించింది. బంతిని వదిలేసి, చూసేవాణ్ణి చూసింది.

ఉక్కయ్య బంతితో ఎడమకి దూసుకుపోయాడు. డేగయ్య తల ఎడమకి తిరిగింది, దొడ్డి మొత్తం తలలు ఎడమకి తిరిగాయి. సింగారప్ప కళ్లు తెల్లి మీదే ఉన్నాయి. బంతి కుడికి పోయింది. తలలన్నీ కుడికి. సింగారప్ప కళ్లు తెల్లి మీదే. నోటితో మాత్రం "ఆహా ఉక్కయ్యా, ఏం ఊపు, ఏం ఊపు" అంటున్నాడు. దూరంగా గట్టు మీద, బండకి పది బారల అవతల, అడవి జట్టు కెప్టెన్ దుమ్ములగొండి గండప్ప పొద్దున్నించీ కూర్చుని ఉన్నాడు. పనిలేకుండా ఎండలో కూర్చునే రకం కాదాయన.

"ఓహో," అనుకుంది కాటుకమ్మ. "వీడి కన్ను నిజంగా గొప్పదే."

మువ్వలు కట్టే వేళకి రెండు జట్లూ గట్టు దగ్గర చేరాయి. డేగయ్య ఆత్రంగా రెక్కలు విదిల్చాడు. "తేలిపోయింది కదత్తా. ఉక్కయ్యకి ఒకటి, చివురికి ఒకటి. గాడిదని వదిలెయ్."

"కట్టేదాన్ని నేను. తొందరేముంది?" అంది కాటుకమ్మ. "సింగారప్పా, నువ్వు తూచిన తూకం అందరి ముందూ ఇంకోసారి చెప్పు. అడవివాళ్లు కూడా వినాలి. మా దొడ్డి గొప్ప వాళ్లకీ తెలియాలి కదా."

సింగారప్ప లేచి నిలబడ్డాడు. పొగడమంటే వాడికి పండగ. "అయ్యలారా, అమ్మలారా. నా కళ్లు ముప్పై మంది కొత్తవాళ్లని చూశాయి. ఉక్కయ్య లాంటివాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. ఇతను ఏ జట్టులో ఉంటే ఏటి ఒడ్డు ఆ జట్టుదే."

"ప్రమాణంగా?"

"నా తోక మీద ప్రమాణం."

"మరి తెల్లి?"

"పిట్టల్ని తోలడానికి చేలో నిలబెట్టినా పనికిరాదు. కదిలితే కదా."

తెల్లి చెవులు వాలిపోయాయి. కాటుకమ్మ ముందు చివురి మెడలో మువ్వ కట్టింది. రెండో మువ్వ పట్టుకుని ఉక్కయ్య దగ్గరికి నడిచింది. ఉక్కయ్య మెడ చాచాడు.

"నాయనా ఉక్కయ్యా, నువ్వు మరీ గొప్పవాడివి. మాకు అంత గొప్ప వద్దు. వెళ్లి బండ దగ్గర నిలబడు."

డేగయ్య ఎగిరి కాటుకమ్మ ముందు వాలాడు. "అత్తా, మతి పోయిందా?"

"ఓడితే నా మెడలో మువ్వ విప్పి నీ కాళ్ల దగ్గర పెడతాను. ముప్పై ఏళ్ల మువ్వ. చాలా?"

ఉక్కయ్య రోషంగా వెళ్లి బండ పక్కన నిలబడ్డాడో లేదో, అవతల్నించి గండప్ప గర్జించాడు. "పిలుస్తున్నాం. మా జట్టులోకి పిలుస్తున్నాం."

సింగారప్ప ఆయనకి ముందే ఒక మాట చెప్పి ఉంచాడు: వాళ్లలో అందరికన్నా మంచి ఆటగాణ్ణి నేను వదిలేయిస్తాను, బండ దగ్గరికి ఎవరొచ్చినా క్షణం ఆగకుండా పిలిచెయ్యి అని. పేరు చెబితే ఎక్కడ పొక్కుతుందోనని పేరు చెప్పలేదు. గండప్ప చెప్పింది చెప్పినట్టు చేశాడు.

"ఆగు గండప్పా," అని నక్క నోటివెంట జారిపోయింది.

అందరూ వాడివైపు తిరిగారు.

"ఎందుకాగాలయ్యా?" అంది కాటుకమ్మ నిదానంగా. "పదికి తొమ్మిదిన్నర కదా. తోక మీద ప్రమాణం కూడా చేశావు. ఏమైనా కొలతలో తేడా వచ్చిందా, వదినకి చెప్పు."

సింగారప్ప లెక్క వేసుకున్నాడు. అబద్ధమని ఒప్పుకుంటే దొడ్డివాళ్లు కుమ్ముతారు. నిజమంటే ఉక్కయ్యని అడవి జట్టు మొయ్యాలి. "ఏం లేదు," అన్నాడు చివరికి. "దుమ్ము పోయింది నోట్లోకి."

"నీ కళ్లని మూడు రోజులు అరువిచ్చినందుకు సంతోషం," అని కాటుకమ్మ రెండో మువ్వ తీసుకెళ్లి తెల్లి మెడలో కట్టింది.

"పెద్దమ్మా, నాకు ఒకటిన్నరే వచ్చింది."

"ఆ ఒకటిన్నర వేసినవాడు మూడు రోజులు నీ మీదనుంచి చూపు తిప్పుకోలేదు. ఇక తలెత్తు."

ఆట రోజు వచ్చింది. అడవి జట్టులో ఉక్కయ్య దుమ్ము లేపాడు, చప్పుడు చేశాడు. రెండు బంతులు కంచెలో పడ్డాయి, మూడోది కొండదాకా పోయి వచ్చింది. ఎంత పొద్దెక్కినా గోలు పడలేదు. ప్రతిసారీ తెల్లి అతని ఎదుటే ఉంది. పరుగెత్తి వచ్చినట్టు కాదు, ముందునుంచీ అక్కడే ఉన్నట్టు. వరాలు ఈసారి కునుకు తీయలేదు గానీ, ఆవులించింది.

చివర్లో ఉక్కయ్య ఒంటరిగా దూసుకొచ్చాడు. కుడిపక్కన గండప్ప ఖాళీగా నిలబడి "నాకివ్వరా, ఇవ్వరా" అని గొంతు చించుకున్నాడు. ఉక్కయ్య ఇవ్వడు. ఇవ్వడం అతనికి రాదు. ఎడమ భుజం ఇంత వంగింది. తెల్లి ఒక్కడుగు వేసింది. బంతి వచ్చి ఆమె కాళ్ల మధ్య ఆగింది, ఇంటికొచ్చిన దూడ లాగా. తల ఎత్తి చూసి బంతిని చివురి వైపు తన్నింది. చివురి దారంలా దూరింది, అడవి మొద్దుల మధ్యనుంచి బంతి దాటింది.

ఏడేళ్ల తర్వాత దొడ్డిలో అరుపు లేచింది. డేగయ్య మిట్టమధ్యాహ్నం తెల్లవారిందనుకుని కూసేశాడు.

గండప్ప నేరుగా నక్క దగ్గరికి నడిచాడు. "నీ తొమ్మిదిన్నర ఏదయ్యా?"

"నేను చెప్పింది ఆ గాడిద గురించి," అని సింగారప్ప గొణిగాడు.

"ఊరందరి ముందూ తోక మీద ప్రమాణం చేసింది పొట్టేలు గురించి కదా. ఇక కొండ మీద నువ్వు ఏరేది రేగుపళ్లే."

ఆ సాయంత్రం దొడ్డి జట్టు ఏటికి నడిచింది. అందరూ దారి వదిలారు, తెల్లి ముందు దిగింది. నడుం లోతు నీళ్లలో సున్నం పాలలా కరిగి కొట్టుకుపోతుంటే, కింద నుంచి నిగనిగలాడే బూడిద రంగు బయటపడింది.

"అరే, ఇప్పుడు ఈ పిల్ల పేరు మార్చాలేమో," అన్నాడు డేగయ్య.

"వద్దు పెద్దాయనా," అంది తెల్లి, తలెత్తి. "ఒకటిన్నర వేసింది ఆ పేరుకే, గెలిచింది ఆ పేరే. ఉండనీయండి."

అవతలి గట్టు మీద ఉక్కయ్య తచ్చాడుతున్నాడు. "కాటుకమ్మా, వచ్చే ఏడు మళ్లీ చూస్తారా నన్ను?"

"రా నాయనా, తప్పకుండా చూస్తాం. ఈలోగా బంతి పక్కవాళ్లకి ఇవ్వడం నేర్చుకో." అని కాటుకమ్మ విరిగిన కొమ్ము దాకా నీళ్లలో మునిగి, ఏడేళ్ల దాహం తీరేదాకా తాగింది. ఆమె మెడలో ముప్పై ఏళ్ల మువ్వ, పక్కన తెల్లి మెడలో మొన్న కట్టిన మువ్వ, నీళ్లు కదిలినప్పుడల్లా కలిసి మోగాయి.

ఎవరి గొప్ప ఎంతో తేల్చుకోవాలంటే, పొగిడేవాడి నోరు విని ఊరుకోకండి, వాడి కళ్లు ఎవరి మీద ఆగాయో చూడండి.